కొయ్య మార్చిన రైఫిలునకు బోల్టు బిగియుట: కారణములు, నివారణోపాయములు

పల్నాటి సీమలో మాచర్ల, దుర్గి, వెల్దుర్తి ప్రాంతముల సేద్యగాండ్రకు నల్లమల యడవియే పొలిమేర. నాగార్జునసాగరు కుడికాలువ నీటిచే చాల మెట్టభూములు మాగాణులైనను, అడవిపందుల బాధ మాత్రము తీరలేదు. ఒక్క రాత్రిలో వేరుసెనగచేనును, మొక్కజొన్నచేనును అవి కుళ్లగించి పోవుట మన రైతులందఱు నెఱిగినదే. ఇట్టి కారణములచేతను, ఒంటరి నివాసములలో ఆత్మరక్షణకై యను కారణముచేతను, కొన్ని కుటుంబములవారు పెద్దల నాటినుండి లైసెన్సు తుపాకులను కలిగియున్నారు.

ఈ తుపాకులు ముఖ్యముగా మూడు తెగలు. గొట్టము మూతినుండి మందు దట్టించునది యొకటి. నడిమికి విరిచి తూటాలు పెట్టు నున్నని గొట్టపు తుపాకి రెండవది. చేతిపిడితో బోల్టును వెనుకకు లాగి, ముందునకు త్రోసి, క్రిందికి వంచి మూయు రైఫిలు మూడవది. ఈ వ్యాసము మూడవ తెగకు సంబంధించినది. కొయ్య చీలుటచేతనో, చెదలు తినుటచేతనో దానిని మార్పించిన పిమ్మట, అంతవరకు సులువుగా నడచుచుండిన బోల్టు బిగిసిపోవుట తఱచుగా జరుగుచుండును. అట్టియెడ యజమాని తొందరపడి ఇనుమును ఆకురాయిపాలు చేయించినచో, కొయ్యలోని చిన్న లోపమునకు బదులుగా తుపాకియే చెడును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వచ్చును. కావున కారణమును కనుగొను క్రమమును ప్రతి యజమానియు తెలిసికొని యుండుట మేలు.

మొదట పాటింపవలసిన నియమములు

తుపాకిని చేతబట్టినతోడనే తూటాల పెట్టెను ఖాళీ చేయవలెను. బోల్టును వెనుకకు లాగి, తూటా కూర్చుండు గదిని కంటితో చూచి, చిటికెనవ్రేలితో తడివి, తూటా లేదని నిశ్చయించుకొనవలెను. తూటాలను వేఱొక గదిలో నుంచవలెను. గొట్టము మూతి ఎల్లప్పుడును మనుష్యులులేని దిక్కునకే యుండవలెను. ఇందు చెప్పబోవు పరీక్షలన్నియు ఖాళీ తుపాకితోనే చేయవలసినవి.

రెండవ నియమము చట్టమునకు సంబంధించినది. 1878 సంవత్సరపు ఆయుధ చట్టమునకు మాఱుగా వచ్చిన 1959 సంవత్సరపు ఆయుధ చట్టము, 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని 5వ సెక్షను ప్రకారము, తుపాకులను తయారుచేయుట, అమ్ముట మాత్రమే గాక బాగుచేయుటకు కూడ లైసెన్సు ఉండవలయును. మన గ్రామములోని వడ్రంగి నాగలికిని బండికిని ఎంత నేర్పరియైనను, అతని కొట్టములో తుపాకిని విడిచి వచ్చుట తగదు. అట్లు చేసిన అతడును, యజమానియు చిక్కులలో పడుదురు. కొయ్య మార్పించుటయు, విప్పించుటయు లైసెన్సు గల మరమ్మతుదారునివద్దనే జరుగవలెను. అయినను యజమానికి విషయము తెలిసియున్నచో, ఏమి అడుగవలెనో, ఏ పనికి ఒప్పుకొనరాదో తానే నిర్ణయించుకొనగలడు.

బోల్టు నడచు విధము

మన దేశమున రైతులవద్ద కానవచ్చు బోల్టు రైఫిళ్లలో ప్రసిద్ధమైనది .315 రైఫిలు. ఇది వంగదేశమునందలి ఈషాపూరు రైఫిలు కర్మాగారమునుండి వచ్చునది. సైన్యము వాడిన .303 తూటాను సామాన్యజనులకు అనుమతింపనందున, అందుకు భిన్నమైన తూటాతో ఈ తుపాకిని ప్రజలకొఱకు నిర్మించిరి. దీని బోల్టు లీ ఎన్‌ఫీల్డు తరహాది. 2021 అక్టోబరు 1వ తేదీన ఆ కర్మాగారము అడ్వాన్స్‌డు వెపన్సు అండ్ ఎక్విప్‌మెంటు ఇండియా అను ప్రభుత్వ సంస్థలో చేరినది. ఇదిగాక పూర్వము విదేశములనుండి వచ్చిన మౌజరు తరహా రైఫిళ్లును అక్కడక్కడ గలవు.

ఈ రెండు తరహాలకును గల భేదమును గుర్తింపవలెను. బోల్టును బిగించి పట్టు ఉక్కుచెవులు మౌజరు తరహాలో ముందుకొసను ఉండును. లీ తరహాలో వెనుకతట్టున ఉండును. 1898 నాటి మౌజరు నమూనాలో పిడిని పైకెత్తునప్పుడు లోపలి స్ప్రింగు ముడుచుకొనును. గాన ఎత్తుట కొంత బరువుగా నుండుట సహజము. లీ తరహాలో బోల్టును ముందునకు త్రోసి మూయునప్పుడు స్ప్రింగు ముడుచుకొనును. గాన త్రోపు చివర కొంత ఎదురు తగులుట సహజము. ఈ సహజమైన బరువును చూచి లోపమని భ్రమింపరాదు. కొయ్య మార్చుటకు పూర్వము లేని బిగువు, మార్చిన పిదప వచ్చినచో, అదియే విచారింపదగినది.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష

మరమ్మతుదారునిచే ఇనుప భాగమును కొయ్యనుండి పూర్తిగా వేఱుచేయించి, ఆ ఇనుమును చేతబట్టి బోల్టును నడిపి చూడవలెను. కొయ్య లేనప్పుడు బోల్టు సులువుగా నడచి, కొయ్య తొడిగి బిగించినపుడు బిగిసినచో, దోషము కొయ్యలోగాని, మరమేకులలోగాని యున్నదే తప్ప ఇనుములో లేదు. కొయ్య లేనప్పుడును బిగువుగానే యున్నచో, కొయ్యకు సంబంధము లేదు. బోల్టులోనో, అది నడచు దారిలోనో మాలిన్యముగాని, దెబ్బగాని యున్నదని తెలియవలెను.

ఈ యొక్క పరీక్ష చేయకుండ ఇనుముమీద ఆకురాయి పెట్టుటకు ఎవ్వరు వచ్చినను ఒప్పుకొనరాదు. కర్రు నాగలిదుంపలో సరిగా కూర్చుండనిచో మనము దుంపను సవరింతుముగాని కర్రును అరుగదీయము గదా. ఇక్కడను న్యాయము అదియే. కొయ్యను గీచిన పిదప ఎక్కువైనచో మరల పూడ్చుకొనవచ్చును. ఇనుము అరిగినచో మరల రాదు.

మరమేకులవలన కలుగు బిగువు

కొయ్యను ఇనుమునకు పట్టియుంచు మరమేకులే బిగువునకు మొదటి కారణము. మౌజరు తరహాలో ముందరి మరమేకు క్రిందినుండి పోయి, బోల్టుచెవులు తిరుగు తావునకు సరిగా దిగువను ముగియును. క్రొత్త కొయ్య పాతదానికంటె పలుచనైనచో, అదే మరమేకు పైకి ఎక్కువగా చొచ్చి, దాని కొన బోల్టుచెవికి తగులును. అప్పుడు బోల్టు మూయునెడ చివరలో హఠాత్తుగా ఆగును.

దీనిని కనుగొనుట సులభము. ఆ మరమేకును అర్ధచుట్టు వదులు చేయించి బోల్టును నడిపి చూడవలెను. వెంటనే వదులైనచో ఆ మరమేకుమీద అనుమానము నిలుచును. దాని కొనకు దీపపు మసిని నూనెతో కలిపి పూసి, మరల బిగించి బోల్టును మూసి తెఱచినచో, తాకిన చోట మసి బోల్టునకు అంటును. అట్లు తేలినచో మరమేకు కొనను కొంచెము అరుగదీయుటయో, సరియైన పొడవు గల మరమేకును వేయుటయో చాలును. బోల్టుచెవిని మాత్రము ముట్టరాదు. ఏలయన ప్రేలుడు వేళ ఆ చెవులే మన ముఖమునకు రక్షణ.

మసి అంటకపోయినను మరమేకు వదులు చేసినంతనే బోల్టు వదులైనచో, ఇనుము వంగుచున్నదని అర్థము. కొయ్యలోని గాడి ఎగుడుదిగుడుగా నున్నప్పుడు, రెండు కొసల మరమేకులను గట్టిగా బిగించిన ఇనుప పెట్టె నడుమ వెండ్రుకవాసి వంగును. నిటారుగా నుండవలసిన దారి వంగినచో బోల్టు ఒరసికొనును. దీనికి పరీక్ష యేమనగా: వెనుక మరమేకును బిగించియుంచి, ముందరి దానిని మెల్లగా వదులు చేయుచు, గొట్టమునకును కొయ్యకును నడుమ వ్రేలుంచి చూడవలెను. గొట్టము కొయ్యనుండి పైకి లేచుచున్నట్లు వ్రేలికి తెలిసినచో గాడి సమముగా లేదు. గాడిని సరిచేయించుటయే మందు. మరమేకును వదులుగా విడిచిపెట్టుట మందు కాదు. వదులైన కొయ్య తుపాకి ప్రేలినప్పుడు చీలును.

లీ తరహాలో మీటచుట్టును ఉండు ఇనుప కమానును బిగించు ముందరి మరమేకునకు కొయ్య రంధ్రములో ఒక చిన్న బుష్షు ఉండును. మరమేకు ఎంత బిగించినను కొయ్య నలుగకుండుటకే అది యేర్పడినది. పాత కొయ్యతోపాటు ఆ బుష్షును పారవైచి, క్రొత్త కొయ్యకు బుష్షు లేకుండనే బిగించినచో, కమాను నానాటికి పైకి ఎక్కుచు లోపలి భాగములను నొక్కును. కొయ్య మార్పించునప్పుడు పాత కొయ్యను తప్పక వెనుకకు అడిగి తీసికొని, అందలి బుష్షులు, పలకలు, చిన్న మేకులు అన్నియు క్రొత్తదానిలోనికి వచ్చినవో లేదో లెక్కించి చూచుకొనవలెను.

ఈ తరహాకు మఱియొక హెచ్చరిక గలదు. సైనిక లీ ఎన్‌ఫీల్డు నమూనాలో మడమకొయ్యను పట్టియుంచు పొడుగాటి ఇనుపకడ్డీ కొన ముందుకొయ్యలోని పలకలో చొచ్చియుండును. ముందుకొయ్యను తీయకుండ ఆ కడ్డీని త్రిప్పినచో ముందుకొయ్య చీలును. కావున ఈ తరహా తుపాకులన్నిటను ముందుకొయ్యను మొదట తీయుటయే క్షేమము.

కొయ్య తాకుటవలన కలుగు బిగువు

బోల్టు పూర్తిగా మూసినపుడు చేతిపిడి కొయ్యను తాకరాదు. తాకినచో పిడి క్రిందివఱకు దిగక, ఉక్కుచెవులు తమ స్థానమును పూర్తిగా పట్టుకొనవు. ఇది కేవలము అసౌకర్యము కాదు, అపాయము. దీనిని యజమాని తుపాకిని విప్పకుండనే పరీక్షింపవచ్చును. బోల్టును మూసి, పిడికిని కొయ్యకును నడుమ పోస్టుకార్డు ముక్కను జొనుపవలెను. అది తగులక దూరిపోయినచో బాగు. నిలిచిపోయినచో ఆ తావున కొయ్యను కొంచెముగా గీయింపవలెను.

ఇతర చోట్లను కనుగొనుటకు దీపపు మసియే సాధనము. ఇనుము అడుగుభాగమునకు మసి పలుచగా పూసి, కొయ్యలో కూర్చుండబెట్టి బిగించి, మరల విప్పినచో, తాకిన చోట నల్లని మచ్చలు పడును. తాకవలసిన తావుల తాకినచో మంచిదే. మీట, దానిపై కొక్కెము, సేఫ్టీ, బోల్టు నిలుపు తాళము, వీని ప్రక్కల మచ్చ పడినచో అక్కడ మాత్రము పదునైన ఉలితో పొరలు పొరలుగా తీయింపవలెను. ఒక్కసారి లోతుగా చెక్కుట తగదు. పొరకొకసారి మసి పరీక్ష చేయుచు పోవలెను.

తూటాల పెట్టె, మీట

మౌజరు తరహాలో తూటాల పెట్టె కొయ్యలో కూర్చుండి, పైన ఇనుపభాగమునకును క్రింద కమానునకును నడుమ వెండ్రుకవాసి వదులుగా నుండవలెను. కొయ్యను లోతుగా చెక్కినచో మరమేకుల బిగువంతయు కొయ్యమీదగాక ఈ పెట్టెమీద పడును. అప్పుడు పెట్టె పై యంచు లేచి బోల్టు అడుగును ఒరయును. బోల్టు అడుగున క్రొత్తగా మెఱయుచున్న నిలువుగీత కనబడినచో దీనిని అనుమానింపవలెను. లీ తరహాలో పెట్టె విడిగా వచ్చును గాన, పెట్టెను తీసి ఒకమారు, పెట్టి ఒకమారు బోల్టును నడిపి చూచినచో భేదము వెంటనే తెలియును.

మీటకు పైనుండు కొక్కెము క్రిందికి దిగుటకు చోటు చాలకున్నను బోల్టు బరువెక్కును. ఖాళీ తుపాకిలో మీటను నొక్కిపట్టి బోల్టును మెల్లగా ముందునకు నడిపినపుడు సులువై, మీట వదలినపుడు బిగిసినచో, ఆ కొక్కెము పైకి నొక్కబడియున్నదని తెలియును. సైనిక లీ ఎన్‌ఫీల్డు పాత నమూనాలలో మీటయే కమానునకు తగిలించియుండును; గాన కొయ్య పొంగినను, క్రుంగినను మీట పట్టు మారును. ఈ చిక్కును తొలగించుటకే తరువాతి నాలుగవ నంబరు రైఫిలు రెండవ మార్కులో మీటను ఇనుప పెట్టెకే తగిలించిరి. మీట పట్టు మారిన తుపాకి తాకినంతనే ప్రేలవచ్చును. కావున కొయ్య మార్చిన ప్రతిసారియు, బోల్టుతోపాటు మీట బరువును మరమ్మతుదారునిచే పరీక్ష చేయింపవలెను.

మాలిన్యము, నూనెలు

క్రొత్త కొయ్యను గరుకు కాగితముతో రుద్దిన పొడియు, మెఱుగుకై పూసిన వార్నీషును బోల్టు దారిలోనికి, చెవులు తిరుగు గుంటలోనికి చేరి గట్టిపడుటయు సామాన్యమే. ఆ దారిని గుడ్డపేలికతో తుడిచి, కొంచెము కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పలుచని కుట్టుమిషను నూనెను ఒకటి రెండు చుక్కలు మాత్రమే వేయవలెను. అవిసెనూనె కొయ్యకు మంచిదేగాని బోల్టునకు పూసినచో ఆరి బంకయగును. ఆముదమును అట్లే జిగురుకట్టును. కొబ్బరినూనె చలికాలపు రాత్రులలో గడ్డకట్టును. ఇంట నున్నదిగదా యని వీనిని బోల్టునకు వాడరాదు.

పల్నాటి ఋతువులు, కొయ్య స్వభావము

కొయ్య నారపొడవున అంతగా మాఱదు. నారకు అడ్డముగా తేమకు పొంగును, ఎండకు క్రుంగును. రెంటచింతల యెండ రాష్ట్రమంతట పేరుపొందినది. అట్టి మేనెలలో కొలిచి తొడిగిన కొయ్య ఆషాఢ శ్రావణములలో పొంగి ఇనుమును పట్టుకొనును. వానలలో తొడిగినది వేసవిలో క్రుంగి మరమేకులను వదులు చేయును. బండిచక్రపు కమ్మి వేసవిలో వదులగుట చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కావున క్రొత్త కొయ్య బాగుగా ఆరిన దూలమునుండి తీసినదై యుండవలెను. బయటి మెఱుగు చాలదు. ఇనుము కూర్చుండు లోపలి గాడికిని, ముఖ్యముగా నార తెగిన కొసలకును అవిసెనూనెను పలుచగా పట్టించి, ప్రతి పూతను పూర్తిగా ఆరనీయవలెను. తేమ ఎక్కువగా చొచ్చునది ఆ కొసలనుండియే. నూనె తేమను మందగింపజేయునేగాని పూర్తిగా ఆపదు.

ఎన్నికల వేళలలో ఆయుధములను ఠాణాలో అప్పగింపవలసి వచ్చును. అప్పగించుటకు ముందు ఇనుమునకు పలుచగా నూనె రాచి, రసీదు తీసికొనవలెను. తిరిగి తెచ్చుకొన్న పిమ్మట పోస్టుకార్డు పరీక్షయు, బోల్టు నడిపి చూచుటయు చేయక వాడరాదు. మూసిన అలమరలలో చేరిన తేమకు కొయ్య పొంగియుండవచ్చును.

చేయరాని పనులు

బిగిసిన బోల్టును సుత్తితోగాని, కాలితోగాని కొట్టరాదు. పొరుగువాని తుపాకి బోల్టును తెచ్చి తగిలించి చూడరాదు. బోల్టు ఏ తుపాకికి ఆ తుపాకికే సరిపఱచినది. లీ ఎన్‌ఫీల్డు తరహాలో బోల్టుమీదను తుపాకి నంబరును చెక్కుట అందులకే. వేఱు బోల్టు నున్నగా మూసికొన్నను తూటా వెనుక చాలినంత గట్టి ఆధారము ఉండకపోవచ్చును. ఇనుముమీది నంబరులు, ముద్రలు చెఱుపుట ఆయుధ చట్టము 8వ సెక్షను ప్రకారము నేరము; ఆకురాయి పనికి ఒప్పుకొనరాదనుటకు ఇదియు నొక కారణము.

ఖాళీగా నున్నప్పుడు సులువుగా నడచి, తూటా పెట్టినప్పుడు మాత్రమే బిగిసినచో, లేక ప్రేల్చిన పిదప పిడి పైకి లేవక మొరాయించినచో, అది కొయ్య దోషము కాదు. తూటాలోనో, తూటా గదిలోనో, బోల్టు పట్టులోనో దోషమున్నదని భావించి, అప్పటికప్పుడు వాడుక మాని, మరమ్మతుదారునికి చూపవలెను. బలము చేసి మూసిన బోల్టు వెనుక నుండునది మన కన్నే.

మరమ్మతునకు పోవునపుడు

లైసెన్సు పుస్తకమును వెంట తీసికొనిపోవలెను. అందలి నంబరును తుపాకి నంబరుతో సరిచూడవలెను. 2019 సవరణ చట్టము తరువాత లైసెన్సు గడువు 3 సంవత్సరములనుండి 5 సంవత్సరములైనది. ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య 3 నుండి 2కు తగ్గినది. గడువు తీరినదో లేదో ముందే చూచుకొనవలెను. ఒక కాగితముమీద ఈ సంగతులు వ్రాసికొని పోయినచో పని సులభమగును: కొయ్య ఎప్పుడు మార్చినది, బిగువు ఎప్పుడు మొదలైనది, పిడి ఎత్తునప్పుడా, వెనుకకు లాగునప్పుడా, ముందునకు త్రోయునప్పుడా, మూయునప్పుడా బిగియునది, వానలలో హెచ్చునా, పోస్టుకార్డు దూరునా.

తుడకు ఒక మాట. తుపాకికి లైసెన్సు ఉండుట పందిని కాల్చుటకు అనుమతి కాదు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను ప్రకారము, పైరును పాడుచేయు జంతువును వేటాడుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడుగాని, ఆయనచే అధికారము పొందిన యుద్యోగిగాని కారణములు చూపి వ్రాతపూర్వకముగా ఉత్తరువు ఇయ్యవలెను. మాచర్ల వైపు పొలములు నాగార్జునసాగరు శ్రీశైలము పులుల అభయారణ్యమునకు చేరువ గాన ఈ విషయమున మన రైతులు మఱింత జాగరూకులై యుండవలెను. తుపాకిని ఇంట నుంచుకొన్నవాడు దానిని చట్టమునకును, తన కుటుంబమునకును అపాయము లేని స్థితిలో ఉంచుట విధి. అందు మొదటి మెట్టు, బోల్టు బిగిసినపుడు బలము చూపక కారణమును వెదకుటయే.